సిలువ మీద లైటు

మా చర్చిలో 'గృహనిర్వాహకత్వం', అంటే దేవుడిచ్చినదాన్ని జాగ్రత్తగా వాడుకోవడం, అన్న మాట వినపడగానే మగవాళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తారు. సంపాదనలో పదోవంతు చర్చికివ్వాలనే దశమభాగం ప్రసంగం మొదలవుతోందని వాళ్ళకు తెలుసు. నేనూ అలాగే చూసేవాణ్ణి. పోయినేడు కోశాధికారి పని నా నెత్తిన పెట్టాక చూపు కరెంటు బిల్లు మీదికి మళ్ళింది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ముప్పై ఏళ్ళకు పైగా లైన్‌మన్‌గా స్తంభాలెక్కి రిటైరయ్యాను. అయినా సొంత చర్చి మీటరు వైపు ఏనాడూ చూసిన పాపాన పోలేదు. బిల్లు తీసి చూస్తే నెలకు 210 యూనిట్లు! వారంలో ఆరేడు గంటలు తెరిచే గదికి అంత ఎందుకు?

పెద్దల మీటింగులో చెప్పగానే కుర్రాళ్ళు 'సోలార్ పెట్టేద్దాం' అన్నారు. ఒకాయన 'పాత ఫ్యాన్లన్నీ పీకి తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేద్దాం, నేను రెండు ఇస్తాను' అన్నాడు. మంచి మనసే. కానీ లెక్క కుదరలేదు. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్తది 30. మిగిలేది 45. చర్చిలో ఫ్యాను నెలంతా కలిపి తిరిగేది 26 గంటలు. అంటే ఫ్యానుకు నెలకు యూనిట్ పైచిలుకే మిగులుతుంది. అదే ఫ్యాను పాస్టరు అయ్యగారి ఇంట్లో వేస్తే? అక్కడ రోజుకు ఇరవై గంటలు తిరుగుతుంది. నెలకు 27 యూనిట్లు మిగులుతాయి. ఆ రెండు ఫ్యాన్లూ అయ్యగారింట్లోనే బిగించాం. ఇచ్చినాయన కాస్త ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఫ్యాను మీద పేరు రాయించి చర్చిలో పెడితే అందరికీ కనపడును కదా మరి.

సోలార్ సంగతి కూడా అంతే. ప్రధానమంత్రి సూర్య ఘర్ సబ్సిడీ ఇళ్ళకే గానీ చర్చిలకు రాదు. ముందు కారుతున్న కుండకు మాటు వేసి, తర్వాత బావి సంగతి చూద్దామన్నాను.

కారుతున్నది ఎక్కడో ఒక సాయంత్రం దొరికింది. గోపురం మీద సిలువకు కొట్టిన హాలోజన్ లైటు, 500 వాట్లు. సాయంత్రం ఆరుకు వేస్తే తెల్లవారి అయిదుకు ఆర్పుతారు. రోజుకు అయిదున్నర యూనిట్లు, నెలకు 165. లోపల ఫ్యాన్లు, ట్యూబులైట్లు, మైకు సెట్టు అన్నీ కలిపినా మిగతా 45 దాటవు. మనుషులున్నప్పటి ఖర్చు కొంచెం, ఎవరూ లేనప్పటిది కొండంత.

'లైటు మారుస్తాను' అనేసరికి ఒక మామ్మ లేచి నిలబడింది. 'సిలువ ఆర్పేస్తావేటి బాబూ? తిత్లీలో కూడా అది పడిపోనేదు' అంది. నిజమే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చి చర్చి రేకులన్నీ ఎగరగొట్టుకుపోయింది, సిలువ మాత్రం నిలబడింది. లైను మళ్ళీ నిలబెట్టేదాకా ఊరంతా చీకట్లోనే ఉంది. తర్వాత కరెంటు వచ్చిన రాత్రి ఊళ్ళో మొదట కనపడింది ఆ లైటే. దాన్ని ఆర్పుతానంటే నేనైనా ఒప్పుకోను. ఆర్పడం కాదు మామ్మా, 50 వాట్ల ఎల్‌ఈడీ వేస్తాను, చీకటి పడితే అదే వెలిగేలా సెన్సార్ పెడతానన్నాను.

పెట్టాను. ఆ రాత్రే పరువు పోయింది. సెన్సార్‌ను లైటు ఎదురుగానే బిగించేశాను. చీకటి పడగానే లైటు వెలిగింది, ఆ వెలుగు చూసి సెన్సార్ తెల్లారిందనుకుని ఆర్పేసింది, చీకటని మళ్ళీ వేసింది. రాత్రంతా సిలువ వెలుగుతూ ఆరుతూ ఉంది. కొందరు దర్శనమన్నారు, కొందరు గాలి చేష్టన్నారు. పక్క వీధి కుర్రాళ్ళు సెల్‌ఫోన్లో వీడియో తీశారు. అన్ని ఏళ్ళ సర్వీసున్నవాడు చెయ్యాల్సిన తప్పేనా? పొద్దున్నే నిచ్చెన వేసి, సెన్సార్‌ను గోడకు అవతలివైపు తిప్పి దిగాను. ఇప్పుడా లైటుకు నెలకు 16, 17 యూనిట్లు పోతుంది.

తిత్లీ తీసుకుపోయింది రేకుల్నే కాదు. చుట్టూ ఉన్న కొబ్బరి చెట్లు పడిపోయాక నీడ పోయింది. తర్వాత చందాలతో వేసిన శ్లాబు ఎండకు పెనంలా కాలుతుంది. ఆరాధన పన్నెండు దాటితే కింద కూర్చున్నవాళ్ళ విసనకర్రల చప్పుడు పాటల్ని మింగేస్తుంది. వేసవికి ముందు స్త్రీల సమాజం వాళ్ళు శ్లాబు మీద రెండు పూతలు తెల్ల సున్నం కొట్టారు. ఖర్చు తక్కువ, పని మాత్రం నడుములు విరిగేంత. మధ్యాహ్నం లోపల కూర్చోగలుగుతున్నాం.

పడమటి గోడ వైపు కానుగ మొక్కలు వేద్దామని అయ్యగారు ప్రకటిస్తే, వెనక వరసలో ఒకాయన 'ఇప్పుడే కదా కానుకలు పట్టారు, మళ్ళీనా?' అని గొణిగాడట. కానుక కాదయ్యా, కానుగ! దాని ఆకును మేకలు పెద్దగా ముట్టవు, మా ఊళ్ళో అదే పెద్ద అర్హత. ఆరు వేస్తే అయిదు బతికాయి. ఆరోది మేక పని కాదు, క్రికెట్ బంతి పని.

మా అమ్మాయి చెప్పింది, ఇంగ్లండు చర్చి వాళ్ళు 2030 నాటికి కర్బన కాలుష్యం నికరంగా సున్నా చేయాలని 2020లో తీర్మానం చేసుకున్నారట. వాళ్ళ బాధ పెద్ద పెద్ద రాతి చర్చిలను వెచ్చబెట్టుకోవడం. మన బాధ ఉక్క. వాళ్ళ పద్ధతి ఇక్కడ అతికిస్తే అతకదు గానీ, సంఘం కూర్చుని లెక్క వేసుకుందన్న సంగతి నాకు నచ్చింది.

ఇప్పుడు నెలలో మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో బెంచీ వేసుకుని కూర్చుంటున్నాను, ఇంటి బిల్లులు తెమ్మని. చర్చి వారానికి ఆరేడు గంటలే కదా, ఇళ్ళలో వారమంతా మీటరు తిరుగుతుంది. ఎక్కువమంది ఇళ్ళలో దొరికిన దొంగ ఎవరంటే, రాత్రి పడుకునేటప్పుడు వేసుకునే జీరో బల్బు. పేరుకే జీరో, తాగేది 15 వాట్ల దాకా. రాత్రి పది గంటలు వెలిగితే నెలకు నాలుగున్నర యూనిట్లు.

మొన్న ఆ మామ్మే తన ఎర్ర జీరో బల్బును చీర కొంగులో మూట కట్టి తెచ్చింది. అర వాటు ఎల్‌ఈడీ ఇచ్చి పంపాను. మరుసటి వారం మళ్ళీ వచ్చింది. 'ఇది నీలంగా ఉంది బాబూ, దెయ్యాల కొంపలాగుంది. ఎర్రది నేదా?' అంది. పలాసలో అడిగి తెస్తానని చెప్పాను.