తెగులు పెట్టి మరీ చూడాలి

"మేమీడ తెగులు పోవాలని మందు మీద మందు కొడతా ఉంటే, నువ్వాడ తెగులు పెంచి జీతం తీసుకుంటా ఉండావా?"

చంద్రగిరి దగ్గర చెనిక్కాయ వేసే మామ ఫోన్లో అన్న మాట ఇది. నవ్వేసి వదిలేయొచ్చు. కానీ కెనడాలో బార్లీ రకాల తెగులు నిరోధకతను పరీక్షించే ఈ పని గురించి ఇంత సూటిగా అడిగినవాళ్ళు లేరు. అవును మామా, తెగులు పెంచేదానికే జీతం. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది.

మచ్చ లేని ఆకును చూపించి ఈ రకం గట్టిదని చెప్పడానికి లేదు. వానలు మొహం చాటేసిన ఖరీఫ్‌లో చెనిక్కాయ ఆకుకు పట్టే తిక్కా మచ్చ తెగులు పెద్దగా రాదు, ఆకు తడిగా ఉంటేనే కదా శిలీంధ్రం లోపలికి దిగేది. ఆ ఏడు ఎవర్ని అడిగినా "ఈ విత్తనానికి తెగులు రాదు" అంటారు. మరుసటి ఏడు ముసురు పట్టిందంటే అదే విత్తనం కాయ ఊరకముందే ఆకు రాల్చేస్తుంది. తెగులు దాని దాకా రాకపోవడం వేరు, వచ్చినా తట్టుకుని నిలబడడం వేరు. ఈ రెండింటినీ విడదీయాలంటే ప్రతి మొక్కకూ ఒకే మోతాదులో, ఒకే రోజు, మనమే తెగులు అంటించాలి.

బార్లీలో నెట్ బ్లాచ్ అని ఒక ఆకుమచ్చ తెగులుంది, శిలీంధ్రం పేరు పైరెనోఫోరా టెరెస్. దీన్ని పెట్రీ ప్లేట్లో పెంచడానికి వాడే మేతల్లో వీ8 జ్యూస్ ఆగార్ ఒకటి. వీ8 అంటే ఎనిమిది కూరగాయల రసం, అందులో ఎక్కువ పాలు టమాటాదే. లీటరు మేతకు 200 మిల్లీలీటర్ల రసం, పులుపు విరగడానికి 3 గ్రాముల కాల్షియం కార్బొనేట్, గడ్డకట్టడానికి 15 నుంచి 20 గ్రాముల ఆగార్, మిగతాది నీళ్ళు. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి టమాటా రోడ్డు మీద పారబోసిన రోజులు చూసినవాళ్ళకు, డబ్బా రసం కొని బూజుకు పోయడం చూస్తే చెయ్యి కాస్త వెనకాడుతుంది. ఆ సంగతి అలా ఉంచుదాం.

వారం పది రోజుల్లో ప్లేటు నిండుతుంది. శుద్ధి చేసిన నీళ్ళు పోసి గాజు పలకతో మెల్లగా గీకి, రెండు మడతల పల్చటి గుడ్డలో వడకడితే స్పోర్లు, అంటే శిలీంధ్రానికి విత్తనాల్లాంటివి, నీళ్ళలోకి వస్తాయి. మాటిమాటికీ ఒక ప్లేటు నుంచి ఇంకో ప్లేటుకు మార్చుకుంటూ పోయిన కల్చర్ తెల్లగా దూదిలా పొంగుతుంది కానీ స్పోర్లు ఇవ్వదు, తెగులు పెట్టే శక్తి కూడా తగ్గుతుంది. అందుకే ఒకే స్పోరు నుంచి విడిగా పెంచిన శిలీంధ్రాన్ని (దీన్నే ఐసోలేట్ అంటారు) మొదట్లోనే దాచిపెట్టుకుని, మధ్యమధ్యలో మొక్క మీదికి ఎక్కించి, తెగులొచ్చిన ఆకు నుంచి తిరిగి తీసుకోవాలి.

లెక్క దగ్గర చాలామంది చిక్కుపడతారు. చల్లే ద్రావణంలో మిల్లీలీటరుకు ఇంచుమించు 10,000 స్పోర్లు ఉండాలనుకుందాం. స్పోర్లు ఎంచడానికి వాడే గడుల గాజు పలక హీమోసైటోమీటర్లో ఒక పెద్ద గడిలో పట్టేది మిల్లీలీటరులో పదివేలో వంతు, అంటే గడికి సగటున ఒక్క స్పోరు. ఒక గడిలో సున్నా, పక్కదాంట్లో మూడు కనిపిస్తే ఏది నమ్మాలి? పైగా ఈ స్పోరు పొడవు మిల్లీమీటరులో పదో వంతు దాకా ఉంటుంది, ఆ గాజు గది లోతూ అంతే. అందుకని 10 మైక్రోలీటర్ల చుక్కను మామూలు స్లైడు మీద పెట్టి అందులో ఉన్నవన్నీ ఎంచడం మేలు: వంద దగ్గర్లో వస్తే మోతాదు సరిపోయినట్టే. ప్రతి చుక్కకూ ముందు సీసాను తిప్పాలి, ఈ స్పోర్లు బరువైనవి కాబట్టి చూస్తుండగానే అడుక్కి దిగిపోతాయి. స్ప్రేయర్‌ను తిప్పకపోయినా ఇదే జరిగి, ట్రే ఒక కొసకూ ఇంకో కొసకూ మోతాదు తేడా పడుతుంది.

మొలకకు రెండో ఆకు పూర్తిగా విచ్చుకున్నాక, విత్తిన రెండు వారాలకు, చల్లుతారు. బార్లీ ఆకు మీద మైనం పూత ఉంటుంది, ఉత్త నీళ్ళు గుండుగా చేరి జారిపోతాయి. 100 మిల్లీలీటర్లకు సబ్బులా పనిచేసే ట్వీన్ 20 ఒక చుక్క కలిపితే పల్చగా పరుచుకుంటాయి. ఆకు నుంచి కారకముందే ఆపాలి, కారితే స్పోర్లన్నీ ఆకు కొనకు చేరి అక్కడొక్కటే మాడుతుంది. ఆపైన 24 గంటలు 20 డిగ్రీల దగ్గర, చీకట్లో, మంచు పట్టే గదిలో. తడి మధ్యలో ఆరిపోతే చేసిందంతా వృథా. బయట మైనస్ 30 ఉన్న రోజుల్లో కూడా మీట నొక్కితే ఆ గదిలో మన కార్తీక మాసం తెల్లవారుజాము దిగుతుంది, ఇక్కడివాళ్ళ మీద అసూయ పుట్టేది ఆ ఒక్క గదిని చూసినప్పుడే.

వారం, పది రోజులకు రెండో ఆకు చూసి 1 నుంచి 10 దాకా మార్కులు. నెట్ బ్లాచ్‌లో మచ్చ వలలా అల్లుకునే రూపానికి టెకాజ్ అనే శాస్త్రవేత్త 1985లో ప్రచురించిన కొలత ఇది. ఒకటి అంటే సూదిమొనంత నల్లచుక్క. పదికి దగ్గరైతే మచ్చ ఈనెల వెంబడి సాగి, అడ్డగీతలతో దోమతెర అల్లికలా కనిపిస్తుంది, చుట్టూ పసుపు పాకి ఆకు వాలిపోతుంది. కొసల దగ్గర తగువుండదు. తగువంతా 4, 5, 6 దగ్గరే: గీత చిన్నదే, పసుపు మాత్రం ఎక్కువ. దేన్ని చూసి వెయ్యాలి? మచ్చ వెడల్పు, అల్లిక చూసి మార్కు వేసి, పసుపును పక్కన విడిగా రాసుకోవడం నయం. రకం పేరు తెలియకుండా ట్రే మీద అంకె ఒక్కటే ఉంచాలి, పేరు తెలిస్తే కన్ను మొహమాటపడుతుంది.

ఇక అసలు చెప్పదలచింది చెక్ గురించి, అంటే పోల్చి చూసుకోవడానికి పెట్టే రకం గురించి. ప్రతి ట్రేలోనూ పరీక్షకు పెట్టిన రకాలతో పాటు రెండు తెలిసిన రకాలుంటాయి: తెగులుకు ఎప్పుడూ లొంగే హెక్టర్, ఎక్కువ ఐసోలేట్లను తట్టుకునే ఇథియోపియా బార్లీ సీఐ 5791. మొదట చూసేది హెక్టర్‌నే. దానికి 8, 9 రాకుండా 4 దగ్గర ఆగిపోతే ట్రే మొత్తం చెత్తబుట్టకే. పక్కనున్న యాభై రకాలు ఎంత శుభ్రంగా ఉన్నా ఒక్క మార్కూ రాయరు. నెల రోజుల పని కళ్ళముందే పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. "కొంచెం తేడా ఉన్నవాటిని వదిలేసి బాగా తేడా ఉన్నవైనా రాసుకుందాం" అని మన బుద్ధి బేరానికి దిగుతుంది. ఇక్కడ బేరం లేదు. ఆ మొండితనం మీద విసుగు ఎంతో, గౌరవమూ అంతే. జబ్బు పడాల్సింది జబ్బు పడలేదంటే పరీక్షే జరగలేదని లెక్క. సీఐ 5791 మీద పెద్ద మచ్చలొస్తే అది ఇంకో రకం చిక్కు: విత్తనం కలిసిపోయి ఉండాలి, లేదా వేరే ఐసోలేట్ కలిసి ఉండాలి.

ప్రయోగశాల లేకుండా కూడా ఈ చెక్ పని చేసిన సందర్భం ఒకటుంది. 1935లో అమెరికాలోని నార్త్ డకోటాలో కాండం కుంకుమ తెగులు విరుచుకుపడినప్పుడు, శామ్ లికెన్ అనే రైతు తన చేలో పచ్చగా నిలిచిన ఒకే ఒక్క బార్లీ మొక్కను చూసి విత్తనం దాచాడు. కిండ్రెడ్ రకం దాన్నుంచే, ఆర్‌పీజీ1 అని తర్వాత పేరు పడిన జన్యువు అందులోదే. ఆ మొక్కను నమ్మడానికి కారణం దాని పచ్చదనం ఒక్కటే కాదు, చుట్టూ చేనంతా ఎర్రబడి పోవడం. చేనే చెక్. అయితే 1980ల చివర్లో ఆ కుంకుమ శిలీంధ్రంలోనే క్యూసీసీ అనే రేసు, అంటే ఇంకో తెగ, వచ్చి ఆ జన్యువునూ దాటేసింది. ఒక్క ఐసోలేట్‌తో పరీక్షించి ఊరుకోకపోవడానికి కారణం ఇదే.

ఇదంతా విని ఇక్కడివాళ్ళే కనిపెట్టారని అనుకోవద్దు. మన దగ్గర చెనిక్కాయ పరీక్షల్లో టీఎంవీ 2 లాంటి లొంగే రకాన్ని కొన్ని సాళ్ళకొకటి చొప్పున వేసి, దాని మీద తెగులు రగిలించి పక్క సాళ్ళకు పాకిస్తారు. హైదరాబాద్ దగ్గరున్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళది 1 నుంచి 9 కొలత. మంచుగది లేకుండా, సాయంత్రాలు నీళ్ళు చిమ్మి, మబ్బు కోసం ఆకాశం చూస్తూ, ఎండలో వంగి ఆకు ఆకూ చూసి మార్కు వేసిన కన్ను ఏ దేశంలోనైనా తడబడదు. తిరుపతిలో అగ్రికల్చర్ చదివే పిల్లలు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. ఇంటి దగ్గర కొత్త విత్తనం తెచ్చుకున్న రైతులు కూడా మధ్యలో రెండు సాళ్ళు పాత లొంగే రకం వేసుకోవచ్చు. ఆ రెండు సాళ్ళూ మచ్చలు పడకపోతే, ఆ ఏడు కొత్త విత్తనం గురించి ఏమీ తెలియలేదన్నట్టే.

మొలకలో నెగ్గినవి తర్వాత పొలానికి పోతాయి, మొలకలో తట్టుకున్నది ఎదిగాక లొంగవచ్చు, లొంగింది తట్టుకోనూ వచ్చు. పొలంలో స్పోర్లు చల్లే బదులు కిందటేటి తెగులు పట్టిన బార్లీ గడ్డినే సాళ్ళ మధ్య పరుస్తారు, ఈ శిలీంధ్రం చలికాలం గడిపేది అందులోనే. దున్నకుండా, గడ్డి వదిలేసి, ఏటా బార్లీ మీద బార్లీ వేసే పొలాల్లో నెట్ బ్లాచ్ ముదరడానికి కారణమూ అదే. మన చెనిక్కాయ కట్టె ఆవుల కోసం ఇంటికి చేరుతుంది కాబట్టి మనకు ఆ బాధ లేదని గొప్పకు పోవచ్చు కానీ, తిక్కా మచ్చ ముందే రాల్చేసిన ఆకు చేలోనే ఉంటుంది, వదిలిన కాయలు తానుగా మొలిచి తెగులును మోస్తాయి. ఆ మొలకల్ని పీకి, రాలిన ఆకును లోతుగా దున్ని కప్పి, మరుసటి పైరుగా కందో సజ్జో వేస్తే, నిరోధకత అంతంతమాత్రంగా ఉన్న రకం కూడా ముసురులో కాస్త నిలబడుతుంది.