నూనె సీసా మీద గీత

గురువారం, ధనుర్మాసం. మంచుకి తిరుమల కొండ కనబడలేదు. బరువు తగ్గేవాళ్ళకి చివర్లో మొండికేసే మూడు కిలోల గురించే ఈ రాత.

ఐదున్నరకు కాటా నిన్నటికంటే 700 గ్రాములు ఎక్కువ చూపించింది. నిన్న రాత్రి అన్నంలోకి ఆవకాయ, పక్కన వడియాలు. ఆ ఉప్పు ఒంట్లో నీళ్ళు నిలబెట్టింది, అంతే. కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలు. ఆ లెక్కన ఒక్క రాత్రిలో 700 గ్రాముల కొవ్వు పట్టాలంటే మామూలు తిండి పైన ఇంకో 5,000 క్యాలరీలకు మించి తినాలి. అది అయ్యే పని కాదు. కానీ ఈ అంకె చూసే చాలామంది ఆ పూటకి టిఫిన్ మానేస్తారు, పదకొండుకి ఆకలికి తట్టుకోలేక బేకరీలో పఫ్ తింటారు. కాటాని నమ్మాల్సింది వారం సగటులోనే. రోజూ ఒకే వేళకి, బాత్రూంకి వెళ్ళొచ్చాక, నీళ్ళు తాగకముందు, ఒకే బండ మీద పెట్టి చూడాలి. ఏడు అంకెలు కూడి ఏడుతో భాగించి, పోయిన వారం సగటు పక్కన రాయాలి. నెలసరికి ముందు కూడా ఒంట్లో నీరు చేరుతుంది కాబట్టి ఆడవాళ్ళు నెలకు నెలతో పోల్చుకోవడం మేలు. నడుము టేపు నెలకు రెండుసార్లు చాలు. ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటితే ఆ మిగిలిన మూడు కిలోలు తీయాల్సినవే.

ఈ చివరి మూడు కిలోలే మొండివి. మొదటి ఆరు కిలోలు స్వీట్లు, కూల్ డ్రింకులు మానేస్తే పోయుంటాయి. తేలికైన ఒంటికి ఖర్చు కూడా తగ్గుతుంది, తగ్గిన ఒక్కో కిలోకి రోజుకు ఇరవై క్యాలరీలకు పైనే. ఆరు కిలోలు తగ్గిన మనిషి అప్పుడు తిన్నంతే ఇప్పుడూ తింటే కాటా ముల్లు అక్కడే నిలబడుతుంది. ఇంకా తీసేయడానికి కంచంలో పెద్ద వస్తువేదీ మిగల్లేదు. మిగిలినవి చెంచాలు, గుప్పిళ్ళు, గ్లాసులు. అందుకే పొద్దున కాటా దిగాక మొదటి పని నూనె కొలవడం.

దగ్గు మందు సీసాకి వచ్చే 10 మిల్లీలీటర్ల మూత ఒకటి దాచిపెట్టాలి. దాంతో ఎనిమిది మూతలు చిన్న గాజు సీసాలో పోసి, నూనె ఎంత దాకా వచ్చిందో అక్కడ మార్కర్‌తో గీత గీయాలి. 80 మిల్లీలీటర్లు. నలుగురున్న ఇంటికి ఆ రోజు నూనె అదే, తలకి 20. ప్యాకెట్ నుంచి నేరుగా బాణలిలోకి వంచే ఇంట్లో ఇది రెట్టింపు కావడం చాలా సులువు. మనిషికి ఆ తేడా 20 మిల్లీలీటర్లు, అంటే రోజుకు 160 క్యాలరీలు, నెలకు 600 గ్రాముల కొవ్వు. చెనక్కాయ నూనె అయినా పొద్దుతిరుగుడు అయినా క్యాలరీలు ఒకటే. గానుగ నూనె కాబట్టి ఎంతైనా పోయొచ్చన్న మాట సరికాదు. బజ్జీలు వేసే రోజు మాత్రం ఈ సీసా పనికిరాదు. బాణలిలో పోసిందీ, చివరికి మిగిలిందీ కొలిచి తేడా రాసుకోవాలి.

ఆరింటికి యూనివర్సిటీ గ్రౌండు. ముప్పావు గంట, మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగంతో. 65 కిలోల మనిషికి 160 నుంచి 200 క్యాలరీలు ఖర్చవుతాయి. నడిచేవాళ్ళ మధ్య ఇవాళ మళ్ళీ అదే మాట వచ్చింది: వారానికోసారి అలిపిరి మెట్లెక్కితే చాలదా అన్నా, అని. చాలదు. 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు, సుమారు 700 మీటర్ల ఎత్తు. 65 కిలోల మనిషి ఎక్కితే దాదాపు 700 క్యాలరీలు. కొండ మీద ఇచ్చే లడ్డు 175 గ్రాములు. నెయ్యి, చక్కెర, శనగపిండి కలిసి ఎలా చూసినా 600 క్యాలరీలకు తక్కువ ఉండదు. ప్రసాదం వద్దనకూడదు. చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, మిగిలింది ఇంటికీ ఇరుగుపొరుగుకీ పంచాలి, ప్రసాదం ఉన్నదే పంచడానికి. కొండ ఎక్కడం గుండెకు, తొడలకు, మనసుకు మంచిది. బరువు తగ్గించే పనంతా దాని మీద పెట్టేయకూడదు. దిగేటప్పుడు బస్సు మంచిది. దిగుడు మెట్లలో ఒంటి బరువును ఆపుతూ దిగాలి కాబట్టి మోకాలి మీద భారం ఎక్కువ. రెండు రోజులు నడవలేకపోతే ఎక్కిన లాభం అక్కడే పోతుంది.

గ్రౌండ్ నుంచి వచ్చే దారిలో గుడి దగ్గర దొన్నెలో పొంగలి పెడుతున్నారు. ధనుర్మాసమంతా ఇదే. దొన్నెడు తిన్న పూట అదే టిఫిన్. ఇంటికొచ్చి మళ్ళీ దోశలు వేసుకోవడమే తప్పు.

సోమవారం, గురువారం ఇరవై నిమిషాలు బరువులు. తిండి తగ్గించి నడక మాత్రమే చేస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. అది పోతే బలమూ పోతుంది, ఖర్చు ఇంకా పడిపోతుంది. కుర్చీ అంచు తాకి లేవడం 12 సార్లు, గోడకు చేతులానించి పుషప్ 12, అయిదు కిలోల బియ్యం సంచి ముందుకు వంగి నడుము దాకా లాగడం ఒక్కో చేత్తో 10. మధ్యలో నిమిషంన్నర ఆగి, మూడు విడతలు. కుర్చీ దగ్గర జరిగే తప్పు మడమలు లేవడం. మడమ లేస్తే బరువు మోకాలి ముందుకు పోయి నొప్పి మొదలవుతుంది. అలాంటివాళ్ళు కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోవాలి. మూడు విడతలూ తేలిగ్గా అయ్యే రోజు సంచిలోకి ఇంకో కిలో. ఆరు నెలలు అదే అయిదు కిలోలు ఎత్తేవాళ్ళకి కండ పెరగదు.

టిఫిన్‌కి ఎనిమిది దోశలు, ఒక్కోదానికి అర చెంచా, సీసాలోంచి 20 పోయింది. పెనం బాగా కాలాక సగం కోసిన ఎర్రగడ్డను నూనెలో అద్ది రుద్దితే ఆ అర చెంచాతోనే దోశ లేస్తుంది. పెనం కాలకముందే పిండి వేస్తే అంటుకుంటుంది, అంటుకుందని ఇంకో చెంచా పోస్తారు. ఊరిబిండి (చెనక్కాయల పచ్చడి) దగ్గర జాగ్రత్త. 30 గ్రాముల చెనక్కాయ విత్తనాలు 170 క్యాలరీలు, గిన్నెలో అది చూడ్డానికి ఏమీ ఉండదు. మనిషికి రెండు చెంచాలు పెట్టి గిన్నె లోపలికి పంపేయాలి. రెండు గుడ్లు ఉంటే 12 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి, మధ్యాహ్నం దాకా చిరుతిండి మీదకు మనసు పోదు.

పదింటికి కాఫీ. నూరు మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల చక్కెరతో గ్లాసుకు 100 క్యాలరీలు. రోజుకు నాలుగు తాగేవాళ్ళు రెండింటికి దిగి, చక్కెర ఒక చెంచాకి తెచ్చుకుంటే 240 మిగులుతుంది. నా మాటగా చెప్పాలంటే, నడక కంటే ముందు సరిచేసుకోవాల్సింది ఇదే.

మధ్యాహ్నం సంగటి. రాగులని పేరు చెప్పి రెండు ముద్దలు తినేవాళ్ళున్నారు. వంద గ్రాముల రాగిపిండి 325, వంద గ్రాముల బియ్యం 350, తేడా అంతే. రాగుల గొప్పతనం సున్నం (క్యాల్షియం), పీచు. కొలత పచ్చి సరుకు దగ్గరే పెట్టుకోవాలి: ఇద్దరికి 50 గ్రాముల బియ్యం, 100 గ్రాముల పిండి, 600 మిల్లీలీటర్ల నీళ్ళు. బియ్యం వేలితో నొక్కితే పేస్టయ్యేలా ఉడకాలి. ఆ మరిగే అన్నం మీద పిండి గుట్టగా పోసి, కలపకుండా, గుట్ట మధ్యలో కట్టెతో ఒక్క గుంట పొడిచి, మూత పెట్టి సన్నని సెగ మీద అయిదు నిమిషాలు వదిలేయాలి. పిండి వాసన పోయి గుంటలోంచి బుడగలొచ్చాక దించి, గిన్నెను కాళ్ళతో అదిమిపట్టి కెలకాలి. తొందరపడి ముందే కలిపితే ఉండలు కడుతుంది, లోపల పచ్చిపిండి మిగులుతుంది. తడి చేత్తో చుడితే నెయ్యి అక్కర్లేదు. ముద్ద 250 క్యాలరీలు. ఒకటే ముద్ద, దాని చుట్టూ మాత్రం ధారాళంగా పులగూర. ఆకుకూర, టమోటా, పచ్చిమిరపకాయలు ఉడికించి ఎనిపి తిరగవాత పెట్టడానికి పది మిల్లీలీటర్ల నూనె చాలు, గిన్నె నిండా వస్తుంది. అన్నం పావుగిన్నె తగ్గించి ఇది రెండు గరిటెలు పెంచితే కడుపుకు తేడా తెలియదు.

బజారులో అనపకాయలు (చిక్కుడు లాంటి గింజల కాయలు) దిగాయి. రాత్రికి పితికిపప్పు. నానబెట్టి పితికితే పొట్టు పోతుంది, దాంతో పీచూ పోతుంది. అందుకే సాయంత్రం బోండా వేళకి పొట్టుతోనే ఉడికించిన గుగ్గిళ్ళు, కప్పు నిండా, ఉప్పు, నిమ్మరసం వేసి. పితికిపప్పు పులుసులో బరువంతా కొబ్బరిది. అరచిప్పకు బదులు పావుచిప్ప, దాంతో రెండు చెంచాల వేయించిన పప్పులు (పుట్నాలు) కలిపి నూరితే పులుసు అదే చిక్కదనంతో వస్తుంది, రుచి చెడదు. తెల్లగడ్డ కొంచెం ఎక్కువ పడాలి. నూనె 25.

చక్కెర వ్యాధికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు మాత్రం ముద్ద తగ్గించే ముందు డాక్టరుకు చెప్పాలి. మందు అంతే ఉండి తిండి తగ్గితే చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

ఇవన్నీ కలిపి రోజుకు 300 క్యాలరీలు తగ్గితే మూడు కిలోలకు 77 రోజులు, పదకొండు వారాలు. ఉగాదికి కొంచెం ముందు. తొందరపడి 800 తగ్గిస్తే నిద్ర చెడొచ్చు, ఆకలి పెరుగుతుంది. పోయిన బరువు తిరిగొచ్చేది అలాగే. తెల్లవారుజామున గుడికి వెళ్ళే నెల కాబట్టి రాత్రి పదికి పడుకోవాల్సిందే.

తొమ్మిదిన్నర. ఉలవలు రెండు గుప్పిళ్ళు నీళ్ళలో వేశాను. సీసాలో రెండున్నర మూతలు మిగిలింది, 25 మిల్లీలీటర్లు. రేపు పొద్దున గీత దాకా నింపడానికి అయిదున్నర మూతలు చాలు.