జీతమైతే సెలవేది?

"ఇంకా శాలరీ అంటున్నాడేంట్రా?" అంటూ నాన్న పొద్దున్నే తన పెన్షన్, పన్ను వివరాలుండే ఫారం 16 నా ముందు పడేశారు. రిటైరైన లెక్కల మాస్టారు కదా, ఆ మాట కింద ఎర్ర పెన్నుతో గీత గీసి పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టారు.

పన్ను లెక్కల్లో పెన్షన్ కూడా జీతమే నాన్నా, అందుకే కొత్త పన్ను విధానంలో మీకూ 75 వేల స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలోంచి నేరుగా తగ్గింపు, ఇస్తున్నారు అన్నాను. "అయితే క్యాజువల్ లీవూ ఇమ్మను."

ఇప్పుడు 12 లక్షల దాకా పన్ను లేదు, మీకు సున్నా అంటే సంతోషిస్తారనుకున్నా. "మరి ఇన్నేళ్లూ కట్టింది?"

ఇదంతా వింటున్న ఎదురింటి బాబాయి, ప్రైవేటు మిల్లులో చేసి ఈపీఎఫ్ పెన్షన్ నెలకు రెండు వేల చిల్లర అందుకునే మనిషి, టీ గ్లాసు కింద పెట్టి "మాకా బాధ లేదు మాస్టారూ" అని నవ్వారు.

నాన్న ఇంకేం మాట్లాడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బాబాయికి ఇంకో టీ పెట్టమన్నారు.