పంచరత్నమాల మొదటి డిస్క్: ఐదో ప్రయత్నమూ పోయింది, కానీ దొంగ దొరికాడు

వేడికి వంగిపోయిన ఒక గ్రామఫోన్ రికార్డును రెండు రాతి బండల మధ్య ఉంచి, వేడి పెట్టెలో పెట్టి చదును చేయాలని చూస్తున్నాను. రాత్రి పదకొండుకు పెట్టె ఆపేసి, పొద్దున పదింటికి పై బండ ఎత్తాను. అంచు దగ్గరున్న మిట్ట దాదాపు పోయింది. కానీ డిస్క్ మొత్తం గిన్నెలా వంగి ఉంది, అదీ మొన్నటికి వ్యతిరేక దిశలో. ముందు ఏడుపొచ్చినంత పనైంది. కాఫీ తాగి మళ్లీ కూర్చున్నాక అర్థమైంది, ఈ దిశ మారడంలోనే అసలు విషయం ఉందని. మరిచిపోకముందే అంతా రాసి పెట్టుకుంటున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటలు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడిన బాలాజీ పంచరత్నమాల ఐదు ఎల్పీల (పెద్ద రికార్డుల) సెట్టు. మా నాయన కడపలో రాత్రి బాంబే మెయిల్ ఎక్కి, మద్రాసు పోయి ఒక్కొక్కటే కొనుక్కొచ్చాడు. అన్నమయ్య తాళ్లపాక మాకు రాజంపేట పక్కనే. అందుకే ఈ సెట్టంటే మా ఇంట్లో దేవుని గదిలోని వస్తువుతో సమానం. మొన్న వేసవిలో ఇంటికి సున్నం వేయించేటప్పుడు రికార్డులన్నీ మిద్దె మీద రేకుల గదిలో తొమ్మిది రోజులు ఉంచాను. ఒకదానికొకటి బిగుతుగా నిలబడిన నాలుగూ బాగానే ఉన్నాయి. చివరన ఏటవాలుగా వాలిన మొదటి డిస్క్ వంగిపోయింది. కడప మే నెల, పైన రేకు, లోపల గాలి ఆడదు. తప్పు నాదే. సరిచేసే దాకా వదలను.

మిట్ట ఎత్తును, ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్లెం) మీద డిస్క్ పెట్టి, అంచు కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) దూర్చి కొలుస్తున్నాను. బైక్ మెకానిక్కులు టాపెట్లకు వాడేదే, ఆటోమొబైల్ షాపులో దొరుకుతుంది. మొదటి కొలత 6.2 మిల్లీమీటర్లు. మిట్టంతా ఒకే చోట, చుట్టుకొలతలో అయిదో వంతు మేరకు ఉంది. నిమిషానికి 33⅓ చుట్ల స్పీడులో ఒక చుట్టుకు 1.8 సెకన్లు. కాబట్టి ప్రతి 1.8 సెకన్లకు ఒకసారి సూది ఎగిరి పడేది. రెండో వైపు మొదటి రెండు నిమిషాలు అసలు నిలవలేదు. సూది బరువు 2 గ్రాముల నుంచి 2.2 దాకా పెంచినా ఫలితం లేదు.

శ్రుతి ఎంత కదులుతోందో తెలుసుకోవడానికి తంబుర కంటే మంచి పరికరం లేదు. పాట మొదలయ్యే ముందు తంబుర ఒంటరిగా వినిపించే చోట ఫోన్‌లో ట్యూనర్ పెడితే ముల్లు అటూ ఇటూ పది సెంట్లు ఊగింది (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). మోటారు తప్పేమోనని స్ట్రోబ్ డిస్క్ (వేగం సరిగ్గా ఉంటే దీపం కింద గీతలు కదలనట్టు కనబడే బిళ్ల) కూడా వేసి చూశాను. మన 50 హెర్ట్జ్ కరెంటుకు 33⅓ వరసలో 180 గీతలుంటాయి. ఎల్ఈడీ బల్బు కింద చాలావరకు అవి కనబడవు, నియాన్ దీపం కావాలి. గీతలు రాయిలా నిలబడ్డాయి. అంటే మోటారు బాగానే ఉంది, ఊగేది డిస్కే.

అందరూ రెండు అద్దాల మధ్య పెట్టమంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. అద్దం గుండా ఎండ నేరుగా పోయి నల్లటి డిస్క్‌ను కాలుస్తుంది, తీసిన వెంటనే అద్దం చల్లారిపోతుంది. మా ఊరి పేరుతోనే దేశమంతా అమ్ముడుపోయే కడప బండ ఉండగా అద్దమెందుకు? ఎర్రగుంట్ల దారిలో ఒక పాలిష్ యూనిట్‌కు పోయి 35 సెంటీమీటర్ల చదరం, రెండున్నర సెంటీమీటర్ల మందం బండలు రెండు అడిగాను. ‘ఏంటికి సార్ ఇంత చిన్నవి, తులసి కోటకా?’ అన్నాడాయన. రికార్డుకని చెప్తే నవ్వలేదు, పైగా ఆసక్తిగా చూశాడు. తన చిన్నప్పుడు పెళ్లిళ్లలో మైకుసెట్టు వాళ్ల వెనకాలే తిరిగేవాడట. నాతో కలిసి పన్నెండు బండల మీద స్టీలు స్కేలు నిలబెట్టి, కింద నుంచి వెలుతురు రాని రెండింటిని ఏరాడు. ఒక్కొక్కటీ ఎనిమిది కేజీల పైనే. మొదట తెచ్చుకున్న జతలో ఒకదానికి నడుమ 0.4 మిల్లీమీటర్ల బొజ్జ ఉండేది. కంటికి కనబడదు, స్కేలు పెట్టకుండా కొనొద్దు.

మొదటి ప్రయత్నం, వేడి లేకుండా బండల మధ్య 21 రోజులు: 6.2 నుంచి 6.0. దండగ.

రెండోది మిద్దె మీద, మధ్యాహ్నం ఒంటిగంటకు, 40 నిమిషాలు. పై బండ మీద థర్మామీటర్ గన్ 63 డిగ్రీలు చూపించింది, కింది బండ 47. మిట్ట 4.1కి దిగింది గానీ అంచంతా సన్నటి అలలు లేచాయి. పైగా గాలికి వచ్చిన దుమ్ము గాడుల్లోకి ఒత్తుకుపోయింది. రెండుసార్లు కడిగాక చాలావరకు పోయింది, అయినా మొదటి పాటలో ఒక చోట టిక్కు మిగిలిపోయింది. ఎండ పద్ధతి ఎవరికీ చెప్పను.

తర్వాత పెట్టె కట్టాను. ప్లైవుడ్ పెట్టె, లోపల అల్యూమినియం ఫాయిల్, అడుగున 100 వాట్ల పాత బల్బులు రెండు, వేడిని ఒకే దగ్గర నిలపడానికి కోళ్ల ఇంక్యుబేటర్‌కు వాడే థర్మోస్టాట్. ఎంత వేడి తట్టుకుంటుందో చూడటానికి ముందు ఒక పాత మైకుసెట్టు ఈపీని (చిన్న రికార్డును) బలిచ్చాను. గాడులు తెల్లగా అరిగిపోయి, ఎందుకూ పనికిరానిది. 50 డిగ్రీల దగ్గర కదలిక లేదు. 54 దగ్గర మాట విన్నది. 61 దగ్గర మెరుపు పోయి మసకబారింది, తాళాల శబ్దం మొద్దుబారింది. కాబట్టి నా గీత 54. అంతకు మించి ఒక్క డిగ్రీ కూడా పోను.

మూడో ప్రయత్నం జాగ్రత్త కోసం 50లోనే చేశాను, 4.1 నుంచి 3.8, అంతే. నాలుగోది 54లో, మొదటి వైపు పైకి పెట్టి. బండలు 32 నుంచి 54కి చేరడానికి 2 గంటల 40 నిమిషాలు పట్టింది, అక్కడ మూడు గంటలు ఉంచి, 11 గంటలు చల్లారనిచ్చాను. అంచు మిట్ట 1.3కి పడిపోయింది. అలలు కూడా పోయాయి. తంబుర ఊపు మూడు సెంట్లకు తగ్గింది, వింటే తెలియదు. ఆ రోజు ఇంట్లో అందరినీ పిలిచి వినిపించాను.

కానీ కొత్త జబ్బు వచ్చింది. రెండో వైపు పైకి పెడితే డిస్క్ గిన్నెలా కనబడుతోంది. అంచు నడుమ కంటే 2.4 మిల్లీమీటర్లు ఎత్తు. సూది ఎగరదు గానీ, డిస్క్ లేబుల్ దగ్గర మాత్రమే ప్లాటర్ మీది మ్యాట్‌ను తాకుతుంది కాబట్టి దుమ్ము తుడిచే బ్రష్ ఆనించగానే జారుతోంది.

మొదట అనుమానం లేబుల్ మీద పడింది. వెర్నియర్‌తో కొలిస్తే లేబుల్ దగ్గర మందం 1.9, అంచు 1.7, గాడుల దగ్గర 1.4. గాడులు ఒకదానికొకటి రాసుకోకుండా ఎల్పీలను అలాగే చేస్తారు. అంటే చదునైన బండ నొక్కేది లేబుల్‌ను, అంచును మాత్రమే. పాట ఉన్న భాగం రెండు వైపులా పావు మిల్లీమీటరు ఖాళీలో వేలాడుతోంది. ఇదే కారణమని రెండు రోజులు గట్టిగా నమ్మాను. తర్వాత లెక్క వేస్తే కుదరలేదు. పావు మిల్లీమీటరు ఖాళీ నుంచి 2.4 గిన్నె ఎలా పుడుతుంది?

రెండో అనుమానం వేడి మీద. బల్బులు అడుగున ఉన్నాయి. గన్‌తో చూస్తే కింది బండ 54 ఉన్నప్పుడు పై బండ 49. పైది ముందు చల్లారుతుంది, కిందిది వేడిని పట్టుకుని ఉంటుంది. చివరగా చల్లారే వైపు చివరగా ముడుచుకుంటుంది, డిస్క్‌ను తన వైపుకు లాగుతుంది. ఇది నిజమైతే గిన్నె ఎప్పుడూ బల్బుల వైపే తెరుచుకోవాలి. తేల్చుకోవడానికే ఐదో ప్రయత్నంలో ఇంకేమీ మార్చలేదు. అదే 54, అవే మూడు గంటలు, అవే 11 గంటలు. డిస్క్‌ను మాత్రం తిరగేసి రెండో వైపు పైకి పెట్టాను.

పొద్దున చూసింది అదే. గిన్నె ఇప్పుడు మొదటి వైపుకు తెరుచుకుంది, 1.9 మిల్లీమీటర్లు. లేబులే కారణమైతే తిరగేసినందుకు దిశ మారాల్సిన పని లేదు. అంచు మిట్ట 0.9. మామూలుగా అయితే అది చాలు, ఒక మిల్లీమీటరు లోపు మిట్ట ఉన్న రికార్డులు నా దగ్గర ముప్పై పైగా సుఖంగా పాడుతున్నాయి.

ఇక ఆరోదానికి పెట్టె మారుస్తాను. ఒక బల్బు అడుగున, ఒకటి పైన. మధ్యలో వేడి గాలి తిప్పడానికి పాత కంప్యూటర్‌లోని 12 వోల్టుల ఫ్యాను. రెండు బండల మధ్య తేడా ఒక డిగ్రీ లోపు వచ్చేదాకా డిస్క్ లోపల పెట్టను, ముందు రెండు రాత్రులు ఉత్త బండలతో నడిపి చూస్తాను. చల్లారడం కూడా పెట్టె మూత తీయకుండానే, పైన కంబళి కప్పి. లేబుల్ సంగతి పూర్తిగా కొట్టిపారేయలేదు. ప్లంబర్లు పైపుల కోసం వాడే నాలుగంగుళాల కోర్ బిట్ పాలిష్ యూనిట్‌లో ఉంది, లేబుల్ కూడా దాదాపు నాలుగంగుళాలే. బండ నడుమ రంధ్రం వేస్తే లేబుల్ అందులో కూర్చుంటుంది. పగలకుండా వేస్తానని ఆయన మాటిచ్చాడు, అయినా ముందు బొజ్జ బండ మీద వేయించి చూస్తాను.

ఇంత తంటా ఎందుకు, ఇంకో కాపీ కొనుక్కోవచ్చు కదా అని మా తమ్ముడు అంటాడు. కొనొచ్చు. బెంగళూరులో దొరికే అవకాశం ఉంది, చెన్నైలోనూ. కానీ ఈ కవరు వెనక నాయన నీలి సిరాతో కొన్న తేదీ, ధర రాసి పెట్టాడు. కవరొకటి, డిస్కొకటి చేయడానికి నాకు మనసు రాదు. నాయన పాత 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు) కొన్న మద్రాసు మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. కుక్క బొమ్మ లేబుల్ మీద డమ్ డమ్ అని చదివి, అదేదో డప్పుల ఊరనుకునేవాణ్ని చిన్నప్పుడు. కలకత్తా పక్కన రికార్డుల ఫ్యాక్టరీ ఉన్న ఊరని నాయనే చెప్పాడు.

కొత్తగా రికార్డులు మొదలుపెట్టే పిల్లలకు ఒక్క మాట. సూట్‌కేస్ ప్లేయర్లలో చాలావాటికి సూది బరువు మార్చుకునే వీలుండదు, వంగిన రికార్డును వాటి మీద పెట్టకండి. పాత హెచ్ఎంవీ ఫియస్టా ప్లేయర్ అంటే నాకు ప్రాణం, ఇప్పటికీ ఈపీలు దాని మీదే వింటాను. ఎల్పీకి మాత్రం బరువు, సూది మార్చుకోగలిగిన టర్న్‌టేబుల్ ఉండాలి. నేను ఆడియో టెక్నికా వీఎం95ఈ సూదితో రెండు గ్రాముల దగ్గర వింటున్నాను, ఈ ధరలో ఇంతకంటే అడగను.

ఇది ఒడ్డెక్కితే తర్వాతి పని ఈపీల పెట్టె. జమ్మలమడుగు దగ్గర ఒక మైకుసెట్టు ఆయన పాతవి రెండు ట్రంకు పెట్టెల్లో ఉన్నాయన్నాడు. అరిగినవే ఎక్కువ ఉంటాయి, అయినా పోయి చూస్తాను. దానికి తొందర లేదు. ఫ్యాను శనివారం బిగిస్తాను, బండ ఆదివారం తీసుకెళ్తాను. అప్పటిదాకా డిస్క్ నాలుగింటితో కలిసి బిగుతుగా నిలబడి ఉంటుంది, ఉత్తరం గోడకు, ఎండ తగలని అరలో.