నా అనుభవం: మోటారు కాలింది, కేసు వేశాను

కేసు వేయడం ఎంత తేలికో ముందు చెప్తా, నన్ను ముంచింది ఆ తేలికే. వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు పెట్టి కొన్న వస్తువుకు ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. లాయరును పెట్టుకోవాల్సిన పని లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కంపెనీ ఎక్కడున్నా సరే, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, రెండేళ్ల లోపు ఎప్పుడైనా. వ్యవసాయానికి కొన్న మోటారు కదా, వ్యాపారం కిందికి వస్తుందేమో అనుకున్నా. బతుకుదెరువు కోసం సొంతంగా వాడుకునేది వినియోగదారుడి కిందికే వస్తుందట. ఇంకేం కావాలి.

మాది కనగల్ వైపు, నాలుగెకరాల బత్తాయి తోట. 2023 ఫిబ్రవరిలో 42 వేలు పెట్టి 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు కొన్నాను, మార్చి ఆఖరుకు కాలింది. చెట్లు పిందె మీద ఉన్నాయి. ఆ ఎండలో నలుగురం కలిసి మోటారు గుంజి, ఆటోలో వేసుకుని నల్లగొండ పోతే, దుకాణం సేటు ఒక్క బోల్టు కూడా విప్పకుండా "టూ ఫేజ్‌లో నడిచింది, కాలింది, వారంటీ రాదు" అన్నాడు. పైగా చెకింగ్ చార్జీ అని 1,500 తీసుకున్నాడు. ఏం చెక్ చేశాడో ఆయనకే తెలియాలి. కొన్న రోజు ఇచ్చిన బిల్లు చూద్దామంటే అదొక తెల్ల చిట్టీ, దాని మీద మోటారు నంబరు లేదు, జీఎస్టీ లేదు. నాకు తిక్క లేచింది.

ఆ రాత్రే ఫిర్యాదు రాయడానికి కూర్చున్నా. సేటు ఎదుటి పక్షం ఒకటి, కంపెనీ ఎదుటి పక్షం రెండు. మోటారు ధర, పైపులు గుంజిన కూలి, రాలిన పిందె, మానసిక వేదన, అన్నీ కలిపి లక్షా 60 వేలు అడిగాను. మానసిక వేదనకు ఎంత వేయాలో తెలియక 50 వేలు వేసుకున్నా, రాసేటప్పుడు అది తక్కువే అనిపించింది కూడా. నాయిన మంచం మీద కూర్చుని అంతా విని, "తీగ సంగతి రాసినవారా?" అన్నాడు.

తీగ సంగతి ఏమిటంటే, మోటారు నడవాలంటే మూడు ఫేజుల కరెంటు కావాలి, మా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఒకటి పోతే రెండు ఫేజులే వస్తాయి. అప్పుడు మోటారు నడవకుండా ఆపడానికే స్టార్టర్‌లో ప్రివెంటర్ ఉంటుంది. అది రాత్రిపూట మాటిమాటికీ ట్రిప్పయి పడిపోతుంటే, కిలోమీటరు నడిచి తోటకు పోలేక, ఒకరోజు డబ్బా విప్పి దానికి అడ్డంగా జానెడు తీగ కలిపేశాను, డైరెక్ట్ చేయడమంటే ఇదే, ఇక ప్రివెంటర్ ఉన్నా లేనట్టే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపేవి) తీసేయమని ఊరూరా చెప్పారు, నేను అదీ తీయలేదు. ఈ రెండూ కలిస్తే ఎట్లా ఉంటుందంటే, కరెంటు పోయి వచ్చినప్పుడు రెండు ఫేజులే ఉన్నా ఆటో స్టార్టర్ మోటారును లేపుతుంది, అది తిరగలేక లోపలే మూలుగుతూ కాలేదాకా కరెంటు గుంజుతూనే ఉంటుంది. ఇదంతా నాకు తెలియదా అంటే తెలుసు.

"వాళ్లు అడిగితే చెప్తా తియ్యే" అన్నా నాయినతో. ఫిర్యాదులో మాత్రం "స్టార్టర్‌కు ప్రివెంటర్ అమర్చబడి ఉన్నది" అని రాశాను. అబద్ధం కాదు కదా, అమర్చే ఉంది. చివర్న పైన రాసినవన్నీ నిజమని ప్రమాణ పత్రం ఉంటుంది, దాని మీద సంతకం చేసేటప్పుడు పెన్ను కొంచెం ఆగింది, కానీ చేశా.

అప్పట్లో ఆన్‌లైన్‌లో వేయడానికి ఈ-దాఖిల్ ఉండేది (2025 నుంచి ఈ-జాగృతి). నేను మాత్రం కాగితాలు పట్టుకుని బస్సెక్కి పోయి ఇచ్చాను. నోటీసు అందాక ఎదుటివాళ్లకు జవాబుకు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15, అంతకు మించి లేదు. సేటు లాయరు 40వ రోజున వేశాడు. వస్తువును పరీక్షకు పంపకుండా తేలేది మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, అది కాగితం మీది లెక్క. వాయిదాల గురించి రాస్తే అదే ఒక పుస్తకం అవుతుంది, వదిలేస్తున్నా.

అసలు సంగతి మోటారు విప్పిన రోజుది. ఇద్దరి ముందూ విప్పి రిపోర్టు ఇవ్వమని కమిషన్‌లో ఒక ఇంజనీరుకు అప్పగించారు, ఆ ఖర్చు ముందు నాతోనే కట్టించారు. వైండింగ్ షాపులో నేలమీద గోనెసంచి పరిచి విప్పుతుంటే నేను, సేటు చెరో పక్కన నిలబడ్డాం, ఒకరి మొఖం ఒకరం చూసుకోలేదు. లోపల వైండింగ్ తీగల్లో రెండు ఫేజులవి బొగ్గులా నల్లగా ఉన్నాయి. వాటి మధ్య మూడో ఫేజు తీగలు మాత్రం కొత్త పెళ్లికూతురి గాజుల్లా తళతళా మెరుస్తున్నాయి. వస్తువు లోపమైతే ఎక్కడో ఒకచోట షార్టయి అక్కడే కాలుతుందట, ఇట్లా వరస తప్పకుండా రెండు మాడి ఒకటి మిగిలితే అది టూ ఫేజే. ఇంజనీరు నా వైపు తిరిగి, "ప్రివెంటర్ పనిచేస్తుందా అన్నా?" అని అడిగాడు, చాలా మామూలుగా. సేటు కూడా చూశాడు.

"డైరెక్ట్ చేసిన" అన్నా.

సేటు నవ్వుతాడనుకున్నా, నవ్వలేదు. బయట చాయ్ చెప్పాడు. ఆ చాయ్ తాగడమే కష్టమైంది.

తర్వాతి వాయిదాకు పోయి కేసు వెనక్కి తీసుకుంటానని మెమో ఇచ్చాను. అయితే మోటారు తప్పు నాదైనంత మాత్రాన చిట్టీ తప్పు సేటుది కాకుండా పోదు, ఆ మాట కమిషన్ ముందే చెప్పాను. నంబరుతో సరైన బిల్లు రాసిచ్చాడు, విప్పకుండా తీసుకున్న 1,500 తిరిగిచ్చాడు. ఊళ్లో వాళ్లు నన్ను తిట్టారు, ఇంకో రెండు వాయిదాలు గుంజితే సగమన్నా వచ్చేదట. మా దగ్గర బోరు పడకపోతే నీళ్లు చూసినాయన తప్పు, కాయ రాలితే మందుల కొట్టు తప్పు, నేనూ ఆ గాలి పీల్చినవాణ్ణే కాబట్టి వాళ్లను ఏమీ అనలేను. పక్క చేను మామ ఒకాయన పత్తి విత్తనం మొలవలేదని, కేసు ఎట్లా వేయాలని నా దగ్గరికే వచ్చాడు. విత్తనాల కేసుల్లో రైతు వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది, నిజంగా విత్తనం తప్పయితే వదలొద్దు, సంచీ, బిల్లు, లాట్ నంబరు దాచిపెట్టు, ఈరోజే ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) చేనుకు పిలువు అన్నా. ఇంతకూ వాన పడ్డాక విత్తినవా మామా అంటే, పొడి దుక్కిలోనే పెట్టిన అల్లుడా అని నెత్తి గోక్కున్నాడు.

రీవైండింగ్‌కు 9 వేలు అయింది. ఆటో స్టార్టర్ తీసేశాను, తీగ తీసి కొత్త ప్రివెంటర్ వేయించాను. అది పాతదానికంటే మొండిది, రాత్రికి రెండుసార్లు పడిపోతుంది. నీళ్ల చప్పుడు ఆగితే కిలోమీటరు దూరం నుంచి ఎట్లా తెలుస్తుందో గానీ నాయిన మంచం మీద నుంచే "లేవరా, పడ్డట్టుంది" అంటాడు, నేను టార్చి వెతుక్కుంటా.