స్పానిష్ క్లాసులో నా ఇంగ్లిష్ తప్పులు

ఆ పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. కుర్చీలో వెనక్కి వాలి, టోపీ పొట్ట మీద పెట్టుకున్నాడు. డాక్టర్ గారు గ్లవ్స్ వేసుకుంటూ నా వైపు చూశారు, అడగమన్నట్టు. "ఆర్ యూ రెడీ?" అన్నది మనసులోనే స్పానిష్‌లోకి మార్చేసి, ధైర్యంగా "ఎస్ లిస్తో?" అన్నాను.

ఆయన కాసేపు సీలింగ్ వైపు చూసి, "మి ఎస్పోసా దీసే కే నో" అన్నాడు. మా ఆవిడైతే కాదంటుంది అని. పక్కన కూర్చున్న ఆయన కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను అడిగింది "మీరు తెలివైనవారా?" అని. రెడీయా అని అడగాలంటే "ఎస్తా లిస్తో?" అనాలి. "ఎస్"కి, "ఎస్తా"కి ఉన్న తేడా అంతా ఇంతా కాదని ఆ రోజు తెలిసింది.

ఇండియాలో బీడీఎస్ చేసి, ఇక్కడ హ్యూస్టన్‌లో లైసెన్స్ పరీక్షలకి చదువుకుంటూ డెంటల్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. 2020 జనగణన ప్రకారం టెక్సాస్‌లో 39 శాతం పైగా హిస్పానిక్, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళే. మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో సగం మందికి స్పానిష్‌లోనే సుఖం. అందుకని వారానికి రెండు సాయంత్రాలు బిగినర్ స్పానిష్ క్లాసులో చేరాను. పధ్నాలుగు మందిమి, నేను తప్ప అందరికీ ఇంగ్లిషే మాతృభాష. టీచర్‌ది మెక్సికో.

మొదటి రెండు నెలలు వాళ్ళు చేసే తప్పులన్నీ నేనూ చేశాను. "నేను డెంటిస్ట్‌ని" అనడానికి "సోయ్ ఉనా దెంతిస్తా" అనేదాన్ని. మధ్యలో ఆ "ఉనా" అక్కర్లేదు, అది ఇంగ్లిష్ "ఎ డెంటిస్ట్" నుంచి దిగుమతైంది. ఒక క్లాస్‌మేట్, యాభై ఏళ్ళ మనిషి, సిగ్గుగా ఉందని (ఇంగ్లిష్ "ఎంబరాస్డ్") చెప్పబోయి "ఎస్తోయ్ ఎంబరసాదో" అన్నాడు. అంటే కడుపుతో ఉన్నానని. టీచర్ కంటే ముందు నేనే నవ్వాను. ఎక్స్‌రే తీసే ముందు ఆడవాళ్ళని రోజూ మేం అడిగే ప్రశ్న అదే మరి.

ఒక సాయంత్రం "మే గుస్తా" పాఠం. పిజ్జా ఇష్టమని చెప్పాలంటే "నేను పిజ్జాను ఇష్టపడతాను" అన్న పద్ధతి పనికిరాదు, పిజ్జాయే కర్త, నేను కాదు. టీచర్ బోర్డు మీద బాణాలు గీసి మరీ చెబుతోంది. పక్కనున్నవాళ్ళు తల పట్టుకున్నారు. నేనూ నోట్స్‌లో బాణాలు దింపుకుంటూ, మార్జిన్‌లో ఊరికే తెలుగులో "నాకు పిజ్జా నచ్చింది" అని రాసుకున్నాను. రాసి ఆగిపోయాను. నచ్చింది పిజ్జా. నాకు. బాణాలెందుకు?

మా క్లినిక్‌లో రోజుకి ఇరవైసార్లు వినే "మే దువేలే లా మువేలా" కూడా అంతే. నాకు పన్ను నొప్పి. ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్ళు "మి మువేలా దువేలే" అంటారు, నా పన్ను నొప్పెడుతోంది అన్నట్టు. మనం డాక్టర్ దగ్గరికెళ్ళి "నా పన్ను, నా పన్ను" అంటామా? పన్ను నొప్పి అంటాం. ఎవరి పన్నో ఆయనకి తెలీదా ఏంటి!

ఆ రాత్రి ఇంటికెళ్ళి పాత తప్పులన్నీ ముందేసుకుని కూర్చున్నాను, ఈసారి ఇంగ్లిష్‌ని పక్కన పెట్టి. "పళ్ళు తోముకుంటాను" అనడానికి మా క్లాసంతా "సెపీయో మిస్ దియెంతెస్" అని రాసి ఎర్రసిరా తిన్నాం. "మే సెపీయో లోస్ దియెంతెస్" అనాలట. ఆ "మే" ఎక్కడినుంచి వచ్చిందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. అది మన "కొను"! బాబుకి పళ్ళు తోముతాను, నేను తోముకుంటాను. ఇంకోటి, మనిషిని చూస్తే పేరు ముందు "ఆ" అని చేర్చాలి, వస్తువుకి అక్కర్లేదు. "వేఓ ఆ మరీయా", కానీ "వేఓ లా కాసా". మనమూ "మరియాను చూశాను" అంటాం, "ఇల్లు చూశాను" అంటాం. మరియాకి "ను" తగిలించకపోతే చెవికి ఎంత వెలితిగా ఉంటుందో చూడండి.

ఇక ఆ పెద్దాయన దగ్గర పరువు తీసిన సేర్, ఎస్తార్. "ఎస్" సేర్ రూపం, "ఎస్తా" ఎస్తార్ రూపం. రెండూ ఇంగ్లిష్‌లో ఒకటే "బీ". శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని పుస్తకంలో ఉంది. అలాగైతే హ్యూస్టన్ టెక్సాస్‌లో ఉండటానికి ఎస్తార్ ఎందుకు వాడతారు? ఊరు రేపు లేచి ఎక్కడికైనా వెళ్తుందా? తెలుగులో "నేను డెంటిస్ట్‌ని", క్రియే లేదు, అది సేర్. "క్లినిక్‌లో ఉన్నాను", ఉండటం వచ్చింది, ఎస్తార్. "రెడీగా ఉన్నారా?" ఎస్తార్. "తెలివైనవారా?" సేర్. అక్కడే నా కథ తేలిపోయింది. పుస్తకంలో "మినహాయింపు" అని డబ్బా కట్టి ఇచ్చినది కూడా సరిపోయింది: పార్టీ ఎక్కడ అంటే మాత్రం సేర్, "లా ఫియెస్తా ఎస్ ఎన్ మి కాసా". మనమూ "పార్టీ మా ఇంట్లో", "పెళ్ళి అన్నవరంలో" అని ఊరుకుంటాం కదా.

అయితే దీన్ని పట్టుకుని ఎగిరానో, నాలుగో రోజే బోర్లా పడ్డాను. "ఇల్లు పెద్దగా ఉంది" అనుకుని ఎస్తార్ వేశాను. అక్కడ సేర్ కావాలి. "రేపు వస్తున్నాను" అన్నచోట వాళ్ళు మామూలుగా "వస్తాను" లాంటి రూపం వాడతారు. అక్కడ తెలుగూ ఇంగ్లిషూ కలిసి ముంచాయి. పోర్, పారా (రెండూ ఇంగ్లిష్‌లో "ఫర్") సంగతి అడక్కండి, ఇప్పటికీ బొమ్మా బొరుసూ వేసుకుంటున్నాను.

నోరు తిరగడం విషయంలో మాత్రం క్లాసులో నేనే రాణిని. "పెర్రో" (కుక్క) అనలేక అందరూ నాలుక మెలితిప్పుకుంటుంటే, "గొర్రె", "కర్ర" అని పెరిగినదాన్ని, నాకేం కష్టం? మా క్లినిక్‌లో ఒకమ్మాయి ముసలావిడతో "ఆబ్రే లా బోకా" అంటే నాకే ఒళ్ళు చల్లబడింది. నోరు తెరువు అనడమే అది. "ఆబ్రా" అంటే తెరవండి. ఆ మీరు, నువ్వు తేడా మనకి ఒకరు నేర్పాలా?

లొంగనిది లింగం. మనకి పన్ను అంటే "అది", అంతే. వాళ్ళకి ముందుపన్ను, "ఎల్ దియెంతే", మగది. దవడ పన్ను, "లా మువేలా", ఆడది. కోరపన్ను మళ్ళీ మగ. చిగురు ఆడ. ఐదేళ్ళు దంతాల గురించి చదివినదాన్ని, ఒక్క నోట్లో ఇంత సంసారం ఉందని ఎవరూ చెప్పలేదు. తెలుగు సాయం చేయదు, ఇంగ్లిష్ అసలే చేయదు. గోడకి చార్ట్ అంటించి బట్టీ పట్టడమే.

పోయిన వారం ఒక అవ్వ వచ్చింది, చెంప వాచిపోయి ఉంది. "ఎస్తా లిస్తా?" అన్నాను, ఈసారి తడుముకోకుండా. తలూపింది. "లే దువేలే ఎల్ మువేలా?" అని అడిగాను.

అంత నొప్పిలోనూ అవ్వ ఒక వేలు పైకెత్తి, మెల్లగా అంది: "లా మువేలా, మిహా." మిహా అంటే మనవైపు "తల్లీ" లాంటిదే. "లా."