సీసాలో గాలి

మన బడిలో 1981లో పదో తరగతి చదివిన వాళ్లకు సైన్స్ అయ్యవారిని గురించి చెప్పనక్కరలేదు. తరువాత వచ్చిన వాళ్ల కోసం ఒక్క మాట. లెక్క చేసి పలక చూపిస్తే ఆయన “మంచిది” అనేవారు కాదు. జవాబు కింద వేలు పెట్టి, “ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది నాయనా?” అని అడిగేవారు. సూత్రం అప్పజెబితే సరిపోయేది కాదు. ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఆ కొలిచినది దేనిని ఆనుకుని ఉంది, అన్నీ చెప్పాలి. చాలామందికి ఆ ప్రశ్నంటే భయం. నాకూ భయమే.

ఒక ఆదివారం తెల్లవారుజామున తొమ్మిది మందిని వెంటబెట్టుకుని అలిపిరి మెట్లదారిన కొండకు బయలుదేరారు. ప్రయోగశాలలో గాలి ఒత్తిడిని కొలిచే అరచేతి వెడల్పు భారమితులు రెండుండేవి, పాదరసం లేనివి, గడియారంలా ముల్లు తిరిగేవి. రెండూ తెచ్చారు. పాదాల మండపం దగ్గర రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయని మా చేతనే రాయించారు. తరువాత ఒకదానిని వాళ్లింటి నుంచి తెచ్చిన ఊరగాయ గాజుసీసాలో పెట్టి, మూత బిగించి, అంచు చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోశారు. సీసా మోసే పని నాది. గోవింద నామాలు చెబుతూ ఎక్కుతున్న యాత్రికులు ఆగి మరీ చూశారు, పిల్లవాడు ఊరగాయ సీసాలో గడియారం తీసుకుపోతున్నాడని.

గాలిగోపురం చేరేసరికి బయటి భారమితి ముల్లు బాగా దిగిపోయింది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, పన్నెండు మీటర్లు ఎక్కితే ఒత్తిడి దాదాపు ఒక మిల్లీమీటరు పాదరసం తగ్గుతుంది. మొత్తం 3,550 మెట్లూ ఎక్కాక చూస్తే 50 మిల్లీమీటర్లకు పైగా తేడా. నా చంకలోని సీసాలో ముల్లు మాత్రం అలిపిరిలో ఎక్కడుందో దాదాపు అక్కడే ఉంది.

“ఇది చెడిపోయింది సార్” అన్నాను.

“చెడిపోలేదు. దాని చుట్టూ ఉన్న గాలిని గురించి అది నిజమే చెబుతోంది. ఆ గాలి అలిపిరి గాలి. నువ్వు కొండ మీద ఉన్నావు.”

ఆ మాట విలువ తెలియడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది.

అలహాబాదులోని పౌర విమానయాన శిక్షణ కళాశాలలో నేర్చుకుని నేను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌నయ్యాను. మా పని విమానాలను ఒకదానికొకటి దూరంగా ఉంచడం, వరుసలో దించడం. ఆకాశంలో ఏదైనా పరికరం చెడితే మాత్రం పని మరోలా ఉంటుంది. రేడియో పోతే పైలట్ 7600 సంకేతం పెడతాడు, మా తెరమీద కనబడుతుంది. టవర్ నుంచి ఆగకుండా వెలిగే పచ్చదీపం చూపిస్తే దిగవచ్చని అర్థం, పగలైతే రెక్కలు ఊపి సరేనంటాడు. దిక్కు చూపే పరికరం పోతే మేమే అతనికి దిక్కు. “ఎడమకు తిరగండి” అంటాం. విమానం సెకనుకు మూడు డిగ్రీలు తిరుగుతుంది. తెరను, సెకన్ల ముల్లును చూస్తూ “ఆపండి” అంటాం. ఎంత తిరిగిందో మేమే లెక్క పెట్టుకోవాలి. అన్నింటికంటే ముందు ఊరుకోవడం తెలియాలి. పైలట్ మొదట విమానాన్ని నిలబెట్టుకోవాలి, ఆ తరువాత ఎటు వెళ్లాలో చూసుకోవాలి, ఆ తరువాతే మాట్లాడాలి. ఆ వరుసలో మా ప్రశ్నలు చివరివి.

1996 అక్టోబరు 2న పెరూలో జరిగిన ప్రమాదం ఈ వృత్తిలో ఉన్న వాళ్లెవరూ మరచిపోలేరు. ఏరోపెరూ 603, బోయింగ్ 757 విమానం. దానిని శుభ్రం చేసేటప్పుడు పక్కన ఉండే చిన్న రంధ్రాలకు అంటించిన టేపును తీయడం మరిచారు. ఎత్తును, వేగాన్ని లెక్కగట్టే పరికరాలు బయటి గాలి ఒత్తిడిని తెలుసుకునేది ఆ రంధ్రాల ద్వారానే. అర్ధరాత్రి దాటాక లీమా నుంచి ఎగిరింది. చీకట్లో, సముద్రం మీద, పరికరాలు పొంతన లేని అంకెలు చూపిస్తుంటే పైలట్లు తమ ఎత్తెంతో చెప్పమని కంట్రోలర్‌ను అడిగారు. ఆయన తెర చూసి 9,700 అడుగులన్నారు. నిజానికి విమానం నీటిని తాకబోతోంది. 70 మందీ పోయారు.

ఆ కంట్రోలర్ అబద్ధం చెప్పలేదు. తెరమీద ఉన్న అంకే చదివారు. కానీ విమానాల రాకపోకలు చూసే మా రాడార్ ఎత్తును తాను కొలవదు. విమానంలోని పరికరం ఎంత ఉన్నానని చెబితే అంతే చూపిస్తుంది. పైలట్ ముందున్న తప్పే మా తెరమీదికి వచ్చి, మా నోటి గుండా మళ్లీ పైలట్ చెవికి చేరుతుంది, ఈసారి సాక్ష్యంలా. ఆ ప్రమాదం నివేదిక చదువుతుంటే నా చంకలో సీసా ఉన్నట్టే అనిపించింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

దూరం అలా కాదు. దూరం మేం కొలిచేదే. 1983 జులై 23న కెనడాలో ఎయిర్ కెనడా 143కు మధ్యదారిలో ఇంధనం అయిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. విమానం ఎంత దూరం వచ్చిందో విన్నిపెగ్ కంట్రోలర్లు చెబుతూ పోయారు. విమానంలో మిగిలిన సాదా ఎత్తుమాపకం అంకెను దానికి జోడించి, పది నాటికల్ మైళ్లకు 5,000 అడుగులు దిగుతున్నామని సహ పైలట్ లెక్క కట్టారు. విన్నిపెగ్ అందదని అందుకే తెలిసింది. గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దిగారు, 69 మందీ బతికారు. కింద కొలిచిన దూరం, పైన కొలిచిన ఎత్తు, రెండూ వేరువేరు చోట్ల నుంచి వచ్చిన నిజాలు.

నా వంతు ఒక కార్తీకమాసం సాయంత్రం వచ్చింది. ఆ రోజుల్లో కొండ ఎలా ఉంటుందో మనకు తెలుసు. బడి మైదానంలో నిలబడితే ఎదురుగా ఉండవలసిన శేషాచలం మొత్తం మబ్బులో మాయమైపోతుంది. రేణిగుంటకు రావలసిన ఒక విమానం మబ్బుల్లో ఉండగా పైలట్ “పాన్ పాన్” అని మూడుసార్లు పలికాడు, అత్యవసరంగా సాయం కావాలని దాని అర్థం. రెండు ఎత్తుమాపకాలు రెండు రకాలుగా చూపిస్తున్నాయి, ఒకటి 6,200 అడుగులు, ఒకటి 4,800 దగ్గర కదలకుండా ఉంది, వేగం కూడా నమ్మేలా లేదు. నా ఎత్తెంత అని అడిగాడు.

తెరమీద 4,800 ఉంది. పక్కన కూర్చున్న కుర్రవాడు “4,800 సార్, చెప్పేయండి” అన్నాడు.

చెప్పలేదు. “మా తెరమీది ఎత్తు మీ పరికరం పంపినదే, దానిని నమ్ముకోవద్దు. నేలమీది వేగం నేను చెబుతాను, అది మేం కొలిచినది” అన్నాను. తూర్పుకు, సముద్రం వైపుకు తిప్పాను. కొండల వైపు ఒక్క మైలు కూడా పోనివ్వదలచుకోలేదు. ఒక విమానానికీ దాని పైదానికీ మధ్య వెయ్యి అడుగుల ఎడం ఉంటే చాలని రోజూ పెట్టుకునే లెక్క ఆ విమానానికి పనికిరాదు కనుక, చుట్టుపక్కల వాటన్నింటినీ పక్కకు జరిపాను. ఎత్తును పంపే అమరికను ఆపేయమన్నాను, మిగతా విమానాల్లో ఢీకొనే ప్రమాదాన్ని చెప్పే హెచ్చరిక పరికరాలు ఆ అంకెను నమ్మకుండా. తరువాత పొడవైన రన్‌వే ఉన్న చోటికి మళ్లించి, రన్‌వేకు దిగే వాలుదారిని చూపుతూ నేల నుంచి వెలువడే సంకేతాన్ని పట్టించాను. దానికి విమానం పక్కనున్న రంధ్రాలతో పని లేదు. అప్పటి నుంచి మైలు మైలుకూ దూరం చెబుతూ, ఆ దూరంలో ఉండవలసిన ఎత్తు కూడా చెప్పాను, మైలుకు 300 అడుగుల చొప్పున. ఇంకా ఎనిమిది మైళ్లు, 2,400. ఏడు మైళ్లు, 2,100. కిందికి వచ్చాక నేల నుంచి తిరిగి వచ్చే రేడియో తరంగంతో ఎత్తు కొలిచే పరికరం కూడా అందుకుంది. చక్రాలు నేలను తాకాయని టవర్ చెప్పేదాకా నా గొంతు మామూలుగానే ఉంది. ఆ తరువాత మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయాను.

ఒత్తిడిని తెలుసుకునే గొట్టంలో వాననీరు చేరిందని తరువాత తెలిసింది.

ఆ సంక్రాంతికి తిరుపతి వచ్చినప్పుడు అయ్యవారి ఇంటికి వెళ్లాను. చూపు మందగించింది కానీ మనిషి అలాగే ఉన్నారు. సీసాను గుర్తు చేసి, జరిగినదంతా చెప్పాను. కళ్లు మూసుకుని విన్నారు. ఆ తరువాత మోకాలి మీద వేలితో కొట్టి, “అవునుగానీ నాయనా, ఆ వేగం మీదేనన్నావే, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?” అన్నారు.

రాడార్ తిరిగే ప్రతిసారీ విమానం ఎక్కడున్నదో గుర్తిస్తుందని, రెండు గుర్తుల మధ్య దూరాన్ని కాలంతో భాగిస్తుందని చెప్పాను.

“గాలి?”

“ఎదురుగాలి ఎంతో పైలట్‌కు చెప్పాను సార్. నేలమీది వేగానికి దానిని కలుపుకున్నాడు.”

“ఆ గాలి లెక్క ఎవరిది?”

అరగంట ముందు అదే దారిన దిగిన మరో పైలట్ చెప్పినదన్నాను. అయ్యవారు తలూపారు. అమ్మగారిని పిలిచి నాకు కాఫీ తెమ్మన్నారు.